వకాలత్‌నామాపై సంతకానికి ముందు

కర్మన్‌ఘాట్ గుండా సాగే ఇన్నర్ రింగ్ రోడ్డు ఒకవైపు చంపాపేట, సంతోష్‌నగర్‌లను, మరొకవైపు ఎల్బీనగర్‌ను కలుపుతుంది. బైరామల్‌గూడ వద్ద నాగార్జునసాగర్ రహదారి, ఎల్బీనగర్ కూడలిలో విజయవాడ జాతీయ రహదారి దానికి తోడవుతాయి. లారీలు, దూరప్రాంతపు బస్సులు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు పగలూ రాత్రీ ఒకదానినొకటి ఒరుసుకుంటూ పోయే దారి అది. ఉదయం పనికి వెళ్ళిన మెకానిక్, పండ్ల బండి తోసే వ్యాపారి, కాలేజీకి బయలుదేరిన విద్యార్థి సాయంత్రం ఇల్లు చేరతారన్న నమ్మకంతోనే ఈ ప్రాంతపు కుటుంబాలన్నీ బ్రతుకుతున్నాయి. ఆ నమ్మకం ఒక్క క్షణంలో కూలిపోయిన ఇళ్ళు ప్రతి బస్తీలోనూ ఉన్నాయి.

ప్రమాదంలో గాయపడినవారికి, మరణించినవారి కుటుంబానికి నష్టపరిహారం ఇప్పించే మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయంలోనే ఉంది. కర్మన్‌ఘాట్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరం. కానీ ఆ కొద్ది దూరం దాటడానికి ఒక వకీలు కావాలి. ఆ వకీలును ఎలా ఎన్నుకోవాలో చెప్పేవారు మాత్రం దుఃఖంలో ఉన్న ఇంటికి అరుదుగా దొరుకుతారు. ఎన్నిక సరిగా జరిగితే తండ్రిని కోల్పోయిన పిల్లల చదువు నిలబడుతుంది. పొరపాటుగా జరిగితే, ప్రమాదం ఒకసారి దెబ్బతీసిన కుటుంబాన్ని కోర్టు ఖర్చులు, దళారుల వాటాలు రెండోసారి దెబ్బతీస్తాయి.

మన ఇళ్ళకు ‘వకీలు’ అనే మాట కొత్తది కాదు. అరబీ నుంచి ఉర్దూ ద్వారా తెలుగు కోర్టుల్లోకి వచ్చిన ఈ పదానికి అర్థం, మన వ్యవహారాన్ని మనం నమ్మి అప్పగించిన వ్యక్తి అని. వకాలత్‌నామా అంటే ఆ అప్పగింత పత్రం. కనుక వకీలును ఎన్నుకోవడమంటే ఒక అమానతును ఎవరి చేతిలో పెట్టాలో నిర్ణయించుకోవడం. అంత బరువైన నిర్ణయాన్ని ఆసుపత్రి వరండాలో, ఎవరో చాచిన కాగితం మీద తీసుకోకూడదు.

ఆసుపత్రి వాకిట్లో ఎదురయ్యే మనిషి

ప్రమాదం జరిగిన రోజునే, ఒక్కొక్కసారి జనాజా లేవకముందే, ఒక వ్యక్తి ప్రత్యక్షమవుతాడు. ఆసుపత్రిలో తెలిసినవారున్నారంటాడు, స్టేషన్‌లో పని చేయించి పెడతానంటాడు, ‘మీరు పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు, వచ్చినదాంట్లో మా వాటా తీసుకుంటాం’ అంటాడు. ఓదార్పుకూ వ్యాపారానికీ మధ్య గీత చెరిపేసే ఈ మనిషి చాలా సందర్భాల్లో న్యాయవాది కాదు. న్యాయవాదికి కేసులు పోగుచేసి పెట్టే దళారి.

ఈ పని చట్టసమ్మతం కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 36వ నియమం ప్రకారం, న్యాయవాది తానుగా గానీ దళారుల ద్వారా గానీ కేసుల కోసం ఎవరినీ అభ్యర్థించకూడదు, ప్రకటనలు ఇచ్చుకోకూడదు. న్యాయవాదుల చట్టానికి 2023లో చేసిన సవరణ ద్వారా, దళారులుగా తేలినవారి జాబితాను ప్రకటించే అధికారం హైకోర్టులకు, జిల్లా న్యాయమూర్తులకు లభించింది. కాబట్టి మొదటి గీటురాయి ఇదే: తానుగా మీ మంచం దగ్గరకు వచ్చిన వకీలు, మీరు వెదుక్కుంటూ వెళ్ళవలసిన వకీలు కాడు. తన వృత్తి నియమాన్ని మొదటి రోజే దాటినవాడు రేపు మీ హక్కును కాపాడతాడని నమ్మడానికి ఆధారం లేదు.

ఆ వ్యక్తిని మర్యాదగా పంపివేయండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ వకాలత్‌నామా మీద, చదవని పత్రం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయవద్దు. ఆసుపత్రి పత్రాల అసలు ప్రతులు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. వాహన యజమాని తరఫున పెద్దమనుషులు వచ్చి కొంత నగదు ముందుంచి ‘కేసు వద్దనుకుంటున్నాం’ అని వ్రాయించుకోబోయినా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఆ సంతకంతో పిల్లల హక్కును కూడా వదులుకుంటున్నారేమో తెలుసుకోకుండా పెద్దలు తలూపకూడదు.

గడువు ఆరు నెలలు, ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు

తొందరపడవద్దన్నామంటే తాత్సారం చేయమని కాదు. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ దాఖలు చేయాలి. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. అయినా వాటి మీద ఆశ పెట్టుకుని కాలం గడపడం వివేకం కాదు.

ముస్లిం కుటుంబాలు ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. భర్తను కోల్పోయిన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే ప్రసవం వరకు. గడువు మాత్రం మరణం నుంచి కాక ప్రమాదం నుంచి లెక్కకు వస్తుంది. గాయపడిన వ్యక్తి ఆసుపత్రిలో మూడు వారాలు ప్రాణాలతో పోరాడి కన్నుమూశాడనుకుందాం. ఇద్దత్ పూర్తయ్యేనాటికి ఆ కుటుంబానికి మిగిలేది దాదాపు నెల రోజులు మాత్రమే. ‘ఇద్దత్ అయ్యాక చూద్దాం’ అని పెద్దలు సదుద్దేశంతోనే వాయిదా వేస్తారు. తీరా చూస్తే ఎఫ్ఐఆర్ ప్రతి ఉండదు, పోస్టుమార్టం నివేదిక ఉండదు, తీరికగా వకీలును ఎన్నుకునే సమయం అసలే ఉండదు. దళారికి అనువైన సమయం సరిగ్గా అదే.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. పత్రాల సేకరణ తండ్రి, అన్నదమ్ములు, మరిది చేయవచ్చు. ఎన్నుకున్న న్యాయవాదిని కుటుంబమే ఆహ్వానిస్తే ఆయన గానీ ఆయన జూనియర్ గానీ ఇంటికి వచ్చి, మహ్రమ్ సమక్షంలో పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోవచ్చు. తప్పనిసరి అవసరానికి పగటివేళ బయటికి వెళ్ళే విషయమై స్థానిక ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. దుఃఖించే హక్కునూ దావా వేసే హక్కునూ రెంటినీ కాపాడుకోవచ్చు.

పోలీసుల నుంచి కూడా కొంత సహాయం చట్టప్రకారం లభించాలి. 2022లో అమల్లోకి వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం, దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. బాధితుల హక్కులను వివరించే పత్రాన్ని కుటుంబానికి అందజేయాలి. 2022 డిసెంబర్ 15న గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాలను కచ్చితంగా పాటించాలని ఆదేశించింది. సమర్థుడైన వకీలు మొదటి వారంలోనే ఈ నివేదికల గురించి స్టేషన్‌లో ఆరా తీస్తాడు. వాటి పేర్లే ఎరుగని వకీలు ఈ రంగానికి కొత్తవాడని గ్రహించాలి.

లెక్క తెలిసిన వకీలు

న్యాయవాదులందరూ అన్ని రకాల కేసులూ చేయరు. భూమి తగాదాలో దిట్ట అయినవారు ప్రమాద పరిహారంలో దిట్ట కానవసరం లేదు. ఈ కేసుల్లో వాదనాపటిమ కంటే లెక్క, ఆ లెక్కను నిలబెట్టే సాక్ష్యం ముఖ్యం. ఆ లెక్క సామాన్యులకు అంతుచిక్కనిది కూడా కాదు. 2009లో సరళా వర్మ కేసులో, 2017 అక్టోబర్ 31న ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు దానికి స్పష్టమైన పద్ధతి ఏర్పరచింది.

ఒక ఉదాహరణ చూద్దాం. సొంత పని చేసుకునే 35 ఏళ్ళ ఎలక్ట్రీషియన్ మరణించాడు. నెలకు 15,000 రూపాయల ఆదాయం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడ్డారు. 40 ఏళ్ళలోపు వాడు కనుక భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలి. అప్పుడు నెల ఆదాయం 21,000 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేయాలి. మిగిలేది 15,750. ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. దీనికి భార్యాపిల్లలు, తల్లి కోల్పోయిన సాహచర్యం, అంత్యక్రియల ఖర్చు వంటి పద్దుల కింద నిర్ణీత మొత్తాలు, వాటితోపాటు వడ్డీ చేరతాయి.

ఇప్పుడు వకీలు అశ్రద్ధ ఏం చేస్తుందో చూడండి. భవిష్యత్ ఆదాయపు 40 శాతాన్ని అడగకుండా వదిలేస్తే అదే లెక్క 21,60,000 దగ్గర ఆగుతుంది. 8,64,000 రూపాయల నష్టం. ఆ 40 శాతం అడిగి కూడా, ఆదాయానికి ఆధారం చూపలేకపోయినందున ట్రిబ్యునల్ నెలకు 10,000గానే అంచనా వేస్తే మొత్తం 20,16,000 అవుతుంది. నష్టం పది లక్షలు దాటుతుంది. కాబట్టి మొదటి సమావేశంలోనే ‘ఆయన సంపాదన ఎలా రుజువు చేద్దాం’ అని అడిగే వకీలు విలువైనవాడు. బ్యాంకు ఖాతా, ఫోన్ ద్వారా వచ్చిన చెల్లింపులు, పని చేయించుకున్నవారి సాక్ష్యం, లైసెన్సు, సంఘం సభ్యత్వ కార్డు, పిల్లల స్కూలు ఫీజు రసీదులు ఇవన్నీ ఆయన కోరతాడు.

ప్రాణం దక్కి అవయవం పోయినవారి విషయంలో ఇంకొక సూక్ష్మం ఉంది. డాక్టర్ల సర్టిఫికెట్‌లో కనిపించే వైకల్య శాతం ఒకటి, ఆ మనిషి సంపాదనా శక్తి తగ్గిన శాతం మరొకటి. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చక్కగా వివరించింది. ఎడమ చేయి కోల్పోయిన వ్యక్తి డ్రైవరో వడ్రంగో అయితే అతని జీవనోపాధి పూర్తిగా పోయినట్లే. గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చు. వెల్డింగ్ పనివాడి చేతికి, ఆటో నడిపేవాడి కాలికి ఏం జరిగిందో కోర్టుకు అర్థమయ్యేలా చెప్పి, చికిత్స చేసిన డాక్టరును సాక్షిగా పిలిపించగల వకీలే ఇక్కడ అవసరం.

బీమా సంస్థ నుంచి త్వరగా వచ్చే ప్రతిపాదన విషయంలోనూ ఈ పరిజ్ఞానం కావాలి. చట్టంలోని 164వ సెక్షన్ ప్రకారం, తప్పు ఎవరిదని రుజువు చేయనక్కర్లేకుండానే మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు లభిస్తాయి. కానీ 149వ సెక్షన్ పద్ధతిలో ఆ మొత్తాన్ని స్వీకరిస్తే ట్రిబ్యునల్‌లో వేసిన పూర్తి పరిహారపు దావా రద్దవుతుంది. ముప్పై లక్షల హక్కున్న కుటుంబం ఐదు లక్షలకు సంతకం చేసే ముందు ఈ సంగతి చెప్పవలసినవాడు వకీలే.

ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకపోతే మార్గం వేరు. మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ప్రభుత్వ పథకం కింద, రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టుకుంటే లభిస్తాయి. దీనికి కోర్టు వ్యాజ్యం అక్కర్లేదు. ఆ మాట నిజాయితీగా చెప్పి ఫీజు అడగకుండా పంపించే న్యాయవాది దొరికితే, ఆయన పేరు నలుగురికీ చెప్పండి.

ఫీజు: వాటా కాదు, వేతనం

అన్నిటికంటే ఎక్కువ కుటుంబాలు చిక్కుకునేది ఇక్కడే. ‘వచ్చినదాంట్లో నాలుగో వంతు’ అన్న మాట పేదవారికి దయలా వినిపిస్తుంది. పై లెక్క ప్రకారం నాలుగో వంతంటే 7,56,000 రూపాయలు. అది ఇద్దరు పిల్లల చదువు ఖర్చు.

ఈ ఒప్పందం చట్టం దృష్టిలో చెల్లదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు నిర్ణయించడం, వచ్చిన సొమ్ములో వాటా పంచుకోవడం బార్ కౌన్సిల్ 20వ నియమం నిషేధించింది. దీనిపై దేశమంతటికీ వర్తించే తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే వచ్చింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను కోల్పోయిన ఒక మహిళ పరిహారం కోసం పోరాడి సాధించింది. అప్పటికే పది లక్షల రూపాయలు ఫీజుగా తీసుకున్న తన న్యాయవాది, ఖాతాలో డబ్బు లేదని చెప్పినా 2014లో మరో మూడు లక్షలకు చెక్కు వ్రాయించుకున్నారని ఆమె చెప్పింది. చెక్కు చెల్లకపోవడంతో ఆమె మీదే క్రిమినల్ కేసు నడిచింది. హైకోర్టులో ఊరట దొరకలేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. బి. సునీత వర్సెస్ తెలంగాణ రాష్ట్రం పేరుతో నమోదైన ఆ కేసులో 2017 డిసెంబర్ 5న జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ ధర్మాసనం తీర్పు చెప్పింది. వ్యాజ్యంలో వచ్చిన సొమ్ములో శాతం చొప్పున ఫీజు కోరడం వృత్తి ధర్మానికి, ప్రజా ప్రయోజనానికి విరుద్ధమని తేల్చి, ఆమెపై ఉన్న చెక్కు కేసును కొట్టివేసింది. అధిక ఫీజుల వల్ల పేదలకు న్యాయం దూరం కాకుండా చట్టం తెచ్చే విషయాన్ని ప్రభుత్వం పరిశీలించాలని కూడా సూచించింది.

ఈ తీర్పు చేతిలో ఉన్నా, శాతం బేరం చాలామందికి ఇప్పటికీ మామూలు మాటే. కాబట్టి కుటుంబమే అడగడం నేర్చుకోవాలి. న్యాయవాది శ్రమకు తగిన వేతనం ఇవ్వవలసిందే. ఉచితంగా చేయించుకోవాలని చూడటం కూడా అన్యాయమే. అయితే వేతనం ఎంతో పని మొదలు కాకముందే తేలాలి. ఇస్లామీ వ్యవహార నీతిలో ఇది సుపరిచితమైన సూత్రం. ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, అల్ బఖరా 282, అప్పు లావాదేవీలను సాక్షుల సమక్షంలో వ్రాసుకోవడం గురించే. నమాజు తెలిసినవాడు, మన జిల్లావాడు, మన మసీదుకు వచ్చేవాడు అన్న కారణంతో వ్రాతను వదిలేయడం ఆ బోధను పాటించడం కాదు.

మొత్తం ఫీజును నిర్ణీత రూపాయల్లో మాట్లాడుకోండి. దానిని దాఖలు, సాక్ష్యం, తుది వాదన అనే మూడు దశల్లో విడతలుగా ఇచ్చేలా అడగవచ్చు. గుమాస్తా ఖర్చులు, జిరాక్సులు, డాక్టరు సాక్ష్యపు ఖర్చు అందులోకి వస్తాయా, విడిగానా అన్నది కాగితం మీద ఉండాలి. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోండి. భద్రత పేరుతో ఖాళీ చెక్కు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. అది ఎక్కడికి దారితీస్తుందో పై కేసే చెబుతోంది.

చేతిలో ఏమీ లేనివారికీ దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. భర్తను కోల్పోయిన భార్య, తండ్రిని కోల్పోయిన పిల్లలు, ప్రమాదంలో వికలాంగుడైనవాడు, అందరూ ఈ పరిధిలోకి వస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. దేశవ్యాప్త సహాయ నంబరు 15100.

అడగవలసిన ప్రశ్నలు

ఒక్కరినే చూసి నిర్ణయించకండి. వీలైతే ఇద్దరు ముగ్గురు న్యాయవాదులను కలవండి. కేసు వేసిన కుటుంబాలను కాదు, కేసు ముగిసి సొమ్ము చేతికి అందిన కుటుంబాలను వాకబు చేయండి. వకీలు ఎదుట కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు సంకోచం లేకుండా అడగండి:

బార్ కౌన్సిల్‌లో మీ నమోదు సంఖ్య ఎంత? ప్రమాద పరిహారపు కేసులు ఎన్నేళ్ళుగా చేస్తున్నారు? ఈ కేసులో ఎదుటి పక్షం బీమా సంస్థ తరఫున మీరు వాదిస్తున్నారా? కోర్టుకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా? మా కేసులో బలహీనత ఏమిటి? మరణించిన వ్యక్తి హెల్మెట్ పెట్టుకోకపోయినా, ఎదుటి డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా మా హక్కుకు ఏమవుతుంది? ట్రిబ్యునల్ తక్కువ ఇస్తే హైకోర్టుకు వెళ్ళడానికి గడువెంత?

చివరి ప్రశ్నకు జవాబు 90 రోజులు. మిగతా ప్రశ్నలకు జవాబులు కేసును బట్టి మారతాయి. కానీ జవాబు చెప్పే తీరు మారదు. మంచి వకీలు బలహీనతను దాచడు, ‘ఇంత ఇప్పిస్తా’ అని హామీ ఇవ్వడు, ‘ఈ విషయం చూసి చెబుతాను’ అనడానికి సిగ్గుపడడు. ప్రశ్నలకు విసుక్కునేవాడు మూడేళ్ళ తరువాత ఫోన్ ఎత్తుతాడని ఆశించలేం.

ప్రమాదం నల్గొండ వైపు జరిగినా, మహబూబ్‌నగర్ వైపు జరిగినా, కుటుంబం నివసించే చోటి ట్రిబ్యునల్‌లో దావా వేసే వీలును చట్టం ఇచ్చింది. కనుక కర్మన్‌ఘాట్‌లోని కుటుంబం ప్రతి వాయిదాకూ దూరపు ఊరికి తిరగనక్కర్లేదు. కారణం చెప్పకుండా వేరే జిల్లాలో కేసు వేస్తానన్న వకీలును ఎందుకని అడగండి.

భాష విషయం కూడా ముఖ్యమే. దావా పత్రం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. రేపు సాక్ష్యం చెప్పవలసింది ఆ ఇంటి స్త్రీ. ఎదుటి వకీలు ప్రశ్నలకు ఆమే జవాబివ్వాలి. పత్రంలో ఏముందో తెలుగులోనో ఉర్దూలోనో ఆమెకు పూర్తిగా వినిపించి, సందేహాలు తీర్చిన తరువాతే సంతకం తీసుకునే వకీలును ఎన్నుకోండి. మాట్లాడేదంతా బావమరిదితోనే, ఆమెతో ఒక్క మాటా లేదంటే ఆ ఎన్నికను పునరాలోచించాలి. హక్కుదారు ఆమె.

అబద్ధం నేర్పే వకీలు

కొందరు వేరొక ఆశ చూపుతారు. గుద్దిన వాహనానికి బీమా లేకపోతే బీమా ఉన్న మరో వాహనాన్ని చూపిద్దామంటారు. ఇంట్లో జారిపడ్డ గాయాన్ని రోడ్డు ప్రమాదంగా మారుద్దామంటారు. చూడని సాక్షిని తెస్తామంటారు. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి నకిలీ క్లెయిములపై ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది, 2021లో సుప్రీంకోర్టు తీవ్రంగా స్పందించింది, పలువురు న్యాయవాదులు సస్పెండయ్యారు. అబద్ధపు దావాలో సంతకం చేసేది కుటుంబం. జైలు తలుపు తెరుచుకుంటే అది ముందుగా వారికే తెరుచుకుంటుంది. అంతకుమించి, అబద్ధంతో వచ్చిన సొమ్ము పిల్లల కంచంలోకి చేరడం ఏ తల్లి కోరుతుంది?

దీనికి భిన్నంగా, హక్కుగా వచ్చే పరిహారాన్ని కూడా ‘రక్తానికి వెల కడతామా’ అని వదులుకునే కుటుంబాలున్నాయి. ఆ భావం గౌరవనీయమే. కానీ పొరపాటున జరిగిన ప్రాణనష్టానికి మృతుని కుటుంబానికి పరిహారం చెల్లించాలన్న విధి ఇస్లామీ ధర్మశాస్త్రంలో దియత్ రూపంలో ఉన్నదే. క్షమించే హక్కు పెద్దలకు తమ వరకే ఉంటుంది. పసిపిల్లల తరఫున వదులుకునే ముందు ఆలిమ్‌ను సంప్రదించడం మంచిది.

సంతకం తరువాత

వకాలత్‌నామా ఇచ్చాక బాధ్యత తీరిపోదు. కేసు దాఖలైన వెంటనే ఎం.వి.ఓ.పి. నంబరు, కోర్టు పేరు వ్రాసి పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ మొబైల్ యాప్‌లో ఆ నంబరుతో తదుపరి వాయిదా ఎప్పుడో ఇంట్లో చదువుకున్న పిల్లలే చూడగలరు. దాఖలు చేసిన ప్రతి పత్రం నకలు ఒక ఫైలులో భద్రపరచండి.

నమ్మకం సడలితే వకీలును మార్చుకునే హక్కు మీకుంది. ఫీజు బాకీ ఉందన్న కారణంతో క్లయింటు ఫైలును అట్టిపెట్టుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో స్పష్టం చేసింది. దుష్ప్రవర్తన ఉంటే న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కోర్టుకు మాత్రం వెళ్ళలేం. న్యాయవాదుల సేవలు ఆ చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఎన్నిక ముందే జాగ్రత్తగా జరగాలనడానికి ఇది మరొక కారణం.

చివరిగా సొమ్ము వచ్చే రోజు. పరిహారాన్ని నేరుగా హక్కుదారుల బ్యాంకు ఖాతాలకు బదిలీ చేసే పద్ధతిని అనుసరించాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఆదేశించింది. కనుక భార్య పేరిట, పిల్లల పేరిట, తల్లిదండ్రుల పేరిట ఖాతాలు విడివిడిగా తెరవండి. ‘నా ఖాతాలో వేయించి మీకిస్తాను’ అనే మాటకు, అన్నది వకీలైనా బంధువైనా, ఒప్పుకోవద్దు. ఎవరి వాటా ఎంతో ట్రిబ్యునల్ తీర్పులోనే పేర్కొంటుంది. మైనర్ల వాటాను సాధారణంగా వారు పెద్దయ్యే వరకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమంటుంది. దానిని వడ్డీతో సహా ఎలా వినియోగించాలన్న ధార్మిక ప్రశ్న వస్తే ముఫ్తీని అడగండి. కానీ ఆ సందేహాన్ని సాకుగా తీసుకుని పిల్లల వాటాను ఇంటి ఖర్చుల్లో, అప్పుల్లో, మరొకరి వ్యాపారంలో కలిపివేయకండి.

అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారి గురించి అన్ నిసా సూరా ఎంత కఠినంగా హెచ్చరించిందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ హెచ్చరికను మేనమామకో చిన్నాన్నకో మాత్రమే వర్తింపజేస్తాం. ఆసుపత్రి వరండాలో వాటా మాట్లాడుకునే దళారికీ, నాలుగో వంతు కోసుకునే వకీలుకూ, తెలిసి కూడా మౌనంగా ఊరుకునే బస్తీ పెద్దకూ అది వర్తిస్తుంది. మసీదు కమిటీలు, మహిళా బృందాలు పూనుకుంటే ప్రతి బస్తీలో ఈ విషయాలు తెలిసిన ఇద్దరు ముగ్గురిని తయారుచేసుకోవడం అసాధ్యం కాదు. దుఃఖంలో ఉన్న ఇంటికి భోజనం పంపే సంప్రదాయం మనకుంది. ఆ మూడు రోజులు గడిచాక ఎఫ్ఐఆర్ ప్రతి తెచ్చిపెట్టడం, వకీలు దగ్గరకు తోడు వెళ్ళడం, ఫీజు కాగితం మీద వ్రాయించడం కూడా ఆ సేవలోని భాగమే.